దిండు కింది కొడవలి

ఒక మనిషి అంతసేపు చెప్పిన సంగతి ఇంకో మనిషి నోట పడేసరికి ఇంత పొట్టిగా ఎలా అయిపోతుంది? రాములవ్వకు అదే అంతుపట్టడం లేదు. దవాఖాన వరండాలో, ఆకుపచ్చ గుడ్డ తెర వేలాడే గది ముందు, మూడో నెల నడుస్తున్న మనవణ్ణి ఒళ్లో వేసుకుని బెంచీ మీద కూర్చున్న దగ్గర్నుంచీ ఆమె చెవులు రెండూ లోపలే ఉన్నాయి. లోపల ముగ్గురు. కోడలు సుమన్, మనసు బాగాలేని వాళ్లను చూడటానికి నెలకోసారి పట్నం నుంచి వచ్చే డాక్టరమ్మ ప్రమీలాదేవి, వాళ్లిద్దరి మధ్యా మాటలు మోసే ఆయా చంద్రాబాయి. కోడలికి మరాఠీ తప్ప రాదు, డాక్టరమ్మకు ఆ మరాఠీ ఒక్కటే రాదు. చంద్రాబాయి వాళ్లు ఆరె వాళ్లు, ఇంట్లో మరాఠీలాంటి భాషే మాట్లాడుకుంటారు గనక చేతిలో చీపురు పక్కన పెట్టించి ఆమెను లోపల కూర్చోబెట్టారు. సుమన్ గడగడా చెప్పుకుపోతుంది, చెప్పి చెప్పి ఎక్కడో ఆగుతుంది, ఇప్పుడు చంద్రాబాయి మూట విప్పుతుంది కదా అని రాములవ్వ ఊపిరి బిగబడుతుంది, తీరా చూస్తే "నిద్ర వడ్తలేదట మేడం" అంటుంది చంద్రాబాయి. అంతే. ఆ గంపెడు మాటల్లో ఉన్నది నిద్ర ఒక్కటేనా, మిగతావి ఎక్కడికి పోయాయి, చంద్రాబాయి కొంగున కట్టుకుందా? యాభై ఏళ్ల బతుకులో మాటలు మింగినవాళ్లను రాములవ్వ చాలామందినే చూసింది, నూలు షావుకారు మొదలుకొని సొంత ఆడబిడ్డ దాకా, వాళ్లలో ఒక్కరు కూడా ఆమె మేలుకోరి మింగలేదు.

అసలు తనను బయట కూర్చోబెట్టడమే ఎక్కువ. "మీరు కాసేపు బయట ఉండండమ్మా, ఆమెతో ఒక్కదానితో మాట్లాడతాను" అంది డాక్టరమ్మ, నవ్వుతూనే. నవ్వుతూ మనిషిని గది బయటికి పంపడం చదువుకున్నవాళ్లకే చేతనవుతుంది. కాన్పు నాడు దాని తల పట్టుకున్నది తను, బాలింత కాయం నూరి ముద్దలు చేసి తినిపించింది తను, నడుం కాలేటంత వేడినీళ్లు పోసింది తను, ఇప్పుడు తను పరాయిదైంది, నెలకో పూట వచ్చిపోయే మనిషి సొంతమైంది. తెర లాగుతూ చంద్రాబాయి తనవైపు ఒక చూపు చూసింది. జాలా అది? ఎందుకు జాలి, ఎవరి మీద? చంద్రాబాయి మొగుడు బజార్లో మాంసం కొట్టు నడుపుతాడు, కూరలో బొక్కలు ఎక్కువ వేసేవాళ్ల ఇంటి మనిషి మాటల్లో మాత్రం సరైన తూకం వేస్తుందా అనుకుంది రాములవ్వ. నిజానికి ఆ కొట్టులో ఆమెకు ఏ ఆదివారమూ బొక్కలు ఎక్కువ పడలేదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు, అయినా ఈ పూటకు అలా అనుకుంటేనే ప్రాణం కాస్త కుదుటపడింది. బాబు నిద్రలో పెదవులు చప్పరించాడు. ఆమె వాడి నెత్తి మీద చెయ్యి వేసి తెర వైపే చూస్తూ కూర్చుంది.

నాగేశం వల్ల వచ్చింది ఇదంతా. మగ్గానికి నూలు దొరకక, దొరికినా గిట్టక, వాడలో సగం మంది మగవాళ్లు పోయిన దారినే తన కొడుకూ బొంబాయి పక్కనున్న బీవండి పోయాడు, సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనికి. పోయినవాడు పోయినట్టు పని చేసుకుని రావచ్చు కదా. ఒకనాడు ఉత్తరం వచ్చింది, పెండ్లి చేసుకున్నాను, పిల్ల పేరు సుమన్ అని. చదివి వినిపించిన పోస్టుమ్యాన్ "గిదేంది రాములవ్వా, మొగపిలగాని పేరున్నది" అని నవ్వాడు, ఆ నవ్వు సాయంత్రానికి వాడంతా తిరిగి మళ్లీ ఆమె గడపకే వచ్చింది. తరువాత బొంబాయిలో కొట్లాటలైన యేడు, ఆరో నెల కడుపుతో ఉన్న పిల్లను బస్సు దించి తీసుకొచ్చాడు. "గాడ కర్ఫ్యూ పెడుతున్నరే అవ్వా, నీ దగ్గరుంటే నాకు రంది లేదు" అన్నాడు, నాలుగు రోజులుండి వెళ్లిపోయాడు. రంది లేనిది వాడికి. తల్లి లేని పిల్ల, ఈ పెళ్లితో తండ్రీ వద్దనుకున్న పిల్ల, పొడుగ్గా, చామనచాయగా, ఎవరేమన్నా తల దించుకుని నేల చూసే పిల్ల. అత్త మాటల్లో కోడలికి అర్థమయ్యేవి పట్టుమని పది. నీళ్లు, బువ్వ, స్నానం, నొప్పి. సుమన్ నోట పలికే తెలుగు "అత్తమ్మా" ఒక్కటే, దాని మాటల్లో రాములవ్వకు తెలిసింది "నక్కో" ఒక్కటే, ఆ మాట ఊళ్లో ఉర్దూ మాట్లాడేవాళ్ల నోట చిన్నప్పటి నుంచీ విన్నదే, వద్దు అని. పిలుపొకటి, వద్దనడమొకటి, ఆ రెండింటితో ఏడు నెలలు ఒకే కప్పు కింద గడిచాయి. మొదట్లో బాగానే గడిచాయి, అది కండెలు చుట్టేది, తను చీర నేసేది, మధ్యాహ్నం ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లు, తింటూ ఎందుకో ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుల మీద కూడా అనుమానమే వస్తోంది.

బాబు పుట్టిన నెలకు మొదలైంది. దీపాలు పెట్టేవేళ అయిందంటే చాలు, సుమన్ పిల్లవాణ్ణి తెచ్చి రాములవ్వ ఒళ్లో పెట్టేస్తుంది, గబగబా గదిలోకి పోతుంది, లోపల గొళ్లెం పడుతుంది. ఆ తర్వాత సన్నగా గొణుగుడు. తలుపు సందులోంచి చూస్తే గోడకు ఎదురుగా కూర్చుని ఉంటుంది, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద తన బరువంతా వేసి, ముందుకూ వెనక్కీ ఊగుతూ. కన్నతల్లి పిల్లవాడికి పాలివ్వకుండా గోడతో మాట్లాడుతుందా? చేతుల మీద కూర్చుని ఎవరైనా దేవుడికి దండం పెడతారా? పక్కింటి బాలవ్వ కూడా వచ్చి అదే సందులోంచి చూసింది, చూసి వెనక్కి అడుగేసింది. "అక్కా, గిది బాణామతే. దూరం దేశం నుంచి నేర్సుకొచ్చింది. ఆ దిక్కోళ్లకు తెలుస్తది గా ఇద్దె" అంది. బాణామతి అన్న మాట ఒక్కసారి గడప దాటితే మళ్లీ లోపలికి రాదు. ఆ పేరు పడ్డ ఆడదాన్ని స్తంభానికి కట్టి పళ్లు ఊడగొట్టారని రాములవ్వ వినే ఉంది, ఎక్కడో కాదు, ఈ జిల్లాలోనే. బాలవ్వ మొగుడు మొన్నొక సాయంత్రం అరుగు మీద నలుగురిని కూర్చోబెట్టుకుని ఏదో మాట్లాడాడు, తను నీళ్ల బిందెతో అటు వెళ్లగానే నలుగురూ బీడీలు ముట్టించుకున్నారు. సూదులేయడానికి వచ్చిన నర్సమ్మ సుమన్ కళ్లు చూసి చీటీ రాసిచ్చి, గురువారం దవాఖానకు తీసుకు రమ్మన్నప్పుడు రాములవ్వ ఒప్పుకున్నది జబ్బని నమ్మి కాదు, ఆ బీడీలకు భయపడి. కనీసం ఒక్క రోజు దాన్ని వాడ కళ్ల ముందు నుంచి తప్పించవచ్చని.

కానీ అన్నింటికంటే పెద్ద రుజువు ఇనుము. బాలింత తల కింద ఇనుము ఉండాలి, గాలీ ధూళీ దగ్గరికి రాకుండా. పుట్టినప్పటి నుంచీ రాములవ్వకు తెలిసిన ఆచారం ఇది, సుమన్‌కూ మొదటి రోజే పోగులు కోసే చిన్న కత్తి దిండు కింద పెట్టింది. నెల రోజులు ఉంది ఆ కత్తి. తర్వాత ఒక పొద్దున చూస్తే వాకిట్లో పడి ఉంది. ఎలుక లాగిందేమో అనుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ వాకిట్లో. మూడోసారి పెడుతుండగా సుమన్ చూసింది, చూసి గోడకు అతుక్కుపోయింది, "నక్కో, నక్కో అత్తమ్మా" అంటూ రెండు చేతులూ జోడించింది. ఇనుమును చూసి గడగడ వణికేది ఏది? రాములవ్వకు ఆ రాత్రి అన్నం సయించలేదు. బెజ్జంకి నుంచి వచ్చే మంత్రగాడిని అడిగితే, పట్టినది గట్టిది, ఇనుము చిన్నదైతే లెక్కచేయదు, పెద్దది పెట్టు అన్నాడు. అడకత్తెర పెట్టింది. అది పెరటి గోడ దాటి పడింది. చివరికి నంగునూరులో చెల్లెలి ఇంటికి పోయి వరి కోసే కొడవలి అడిగి తెచ్చింది, కొత్తగా కక్కు పెట్టించిన కొడవలి, పళ్లు వేలికి తగిలితే గీరుకునేటంత పదును. అది పెట్టిన దగ్గర్నుంచీ ఎనిమిది రోజులుగా సుమన్ ఆ మంచం ఎక్కలేదు, పిల్లవాణ్ణి ముట్టలేదు, సీసా పాలే. తను వదల్లేదు, అదెంత ఏడ్చినా ప్రతి సాయంత్రం చూసి, కొడవలి జరిగి ఉంటే సరిచేసి పెట్టింది. ఇవాళ పొద్దున బయలుదేరే ముందు కూడా సరిచేసే వచ్చింది.

గాలికి తెర కాస్త తొలగింది. బెత్తెడు సందు. అందులోంచి సుమన్ కనిపించింది, ముఖం కాదు, భుజమూ చెయ్యీ. ఆ చెయ్యి తల పక్కకు పోయింది, దిండు మీద పడుకున్నట్టు అరచెయ్యి వాలింది, తర్వాత దాని కిందికి దూరి దేన్నో బయటికి లాగినట్టు లాగి, గాలిలో వంకీ తిప్పి, మెడ దగ్గర ఆగింది. మరాఠీ అక్కర్లేదు, ఆ చెయ్యి చెప్పింది చాలు. మా అత్త నా తల కింద కొడవలి పెడుతోంది అని చెబుతోంది. వద్దని మొక్కినా పెడుతోంది, రోజురోజుకీ పెద్దది పెడుతోంది, నన్ను ఏం చేయాలని పెడుతోందో అడగండి అని చెబుతోంది. ఇంత కథా ఇందుకేనన్న మాట. అయితే ఇప్పుడు డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటుంది, ఆ కాగితం పోలీసు ఠాణాకు పోతుంది, అక్కణ్నుంచి నాగేశానికి తెలుస్తుంది, వాడు ఊగిపోతూ వచ్చి పెళ్లాన్నీ పిల్లవాణ్ణీ బస్సెక్కిస్తాడు. తన ఒడి ఖాళీ అవుతుంది. అదొక్కటీ తట్టుకోలేదు రాములవ్వ. జైలన్నా ఫరవాలేదు, ఒళ్లో ఈ వెచ్చదనం లేకపోవడం మాత్రం ఆమె వల్ల కాదు. ఒకసారి అయింది. తొలిచూలు ఆడపిల్ల, తొమ్మిదో రోజున పోయింది, పేరన్నా పెట్టలేదు. ఆ పూట మగ్గం మీద పోగు తెగితే దిండు కింద కత్తి తీసి తనే అత్తకు ఇచ్చింది, మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయింది, రెండు గంటలు, అంతే. పిల్లకు జ్వరం ముందే ఉందో లేదో ఎవరూ అడగలేదు. ఇనుము తీసినావు గదా అని అత్త ఒక్క మాట అంది, చచ్చేదాకా మళ్లీ అనలేదు, అనాల్సిన అవసరమూ లేకపోయింది, ముప్పై ఏళ్లుగా తనకు తానే అనుకుంటోంది. ఆ తర్వాత నాగేశం పుట్టినప్పుడు రెండు కత్తులు పెట్టుకుని పడుకుంది. నాగేశం బతికాడు. ఇంక ఆమెకు ఎవరు ఏం చెబితే ఎక్కుతుంది?

లోపల మాటలు ఆగిపోయాయి. ఏడుపు వినిపించింది, సుమన్‌ది, కాసేపటికి ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఇంకొకటి. చంద్రాబాయి తెర తప్పించుకుని బయటికొచ్చి, వరండా చివర కుండలో నీళ్లు ముంచుకుని, సగం తాగి సగం ముఖం మీద చల్లుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏం చెప్తున్నదే బాయీ, నా మీదనేనా?" అంది రాములవ్వ.

"డాక్టరమ్మ చెప్తది అవ్వా, జర ఆగు" అంది చంద్రాబాయి, ఆమె ముఖం చూడకుండానే, గ్లాసులో నీళ్లు పట్టుకుని లోపలికి పోయింది.

చూడలేదు. ముఖంలోకి చూడలేదు. ఇంకేం కావాలి? గ్లాసు నీళ్లు సుమన్‌కు, ఓదార్పు సుమన్‌కు, కేసు తనకు. రాములవ్వ లేచింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు, కాళ్లే లేచాయి. బాబును భుజాన వేసుకుంది, పాలసీసా సంచి చేతికి తగిలించుకుంది. బస్టాండు ఎంతో దూరం లేదు, పన్నెండు గంటలకు నంగునూరు బస్సుంది, చెల్లెలి ఇంట్లో రెండు రోజులుంటే ఇక్కడ కోపాలు చల్లారుతాయి, అప్పటికి నాగేశం వస్తే వాడితోనే మాట్లాడుకోవచ్చు, కన్నకొడుకు తల్లి మాట వినకపోతాడా. వినకపోవచ్చు. మరాఠీ నేర్చుకున్నవాడు, దాని మాటే వింటాడు. అయినా పిల్లవాడు చేతిలో ఉంటే మాటకు బలముంటుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది, వేసినా అడుగులు ఆగలేదు, మెట్ల దాకా వచ్చింది, ఒక మెట్టు దిగింది కూడా. బాబుకు ఎండ తగిలి మెలకువ వచ్చింది, ఆకలి గుర్తొచ్చి ఒక్కసారిగా గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు వినపడగానే లోపల కుర్చీ ఒకటి దభాలున పడింది.

"అవ్వా, యాడికి పోతున్నవ్? నీ కోడలు పొలగాడేడని లొల్లి వెడుతున్నది, లోపలికి రా" అని చంద్రాబాయి తెర పట్టుకుని పిలిచింది.

రాములవ్వ వెళ్లింది. దొంగతనం చేస్తూ దొరికిన మనిషిలా కాదు, దానికంటే కోపంగా వెళ్లింది, ముందు తనే అనాలని, అవతలి వాళ్లకు సందివ్వకూడదని. లోపల పడిన కుర్చీ పక్కన సుమన్ నిలబడి ఉంది, బాబు భుజం మీద ఉన్నాడని చూసుకుని గోడ పక్కనున్న పొడుగు బెంచీ మీద కూలబడింది, వెంటనే చేతులు రెండూ తొడల కిందికి పోయాయి.

"చూసిన్రా మేడం, గట్లనే కూసుంటది. కొడవలి వెట్టింది నేనే. దాసేదేం లేదు. గాలి వట్టకుంట వెట్టిన, సంపుదామని కాదు. గామె ఏం చెప్పిందో నాకు తెల్వదా?" అంది రాములవ్వ.

డాక్టరమ్మ చంద్రాబాయి వైపు చూసింది. "నువ్వే చెప్పు చంద్రాబాయీ, ఆమె చెప్పిందంతా, ఆమె చెప్పినట్టే" అంది.

చంద్రాబాయి కొంగు సర్దుకుంది. "అవ్వా, నీ మీద ఒక్క మాట అనలేదు. ఆళ్ల దిక్కు గూడ బాలింత మెత్త కింద ఇనుము వెడతరట. మా అత్తమ్మ నా మంచికే వెడుతున్నది, ఆమెను ఏమనకున్రి అని ముందుగాలనే చెప్పింది. గని..." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పొలగాణ్ణి సూసినప్పుడల్ల, గా కత్తితోని నేనే ఏమన్న జేస్తనేమో అని తలకాయల వడుతదట. వద్దన్నకొద్ది గదే వస్తదట. గందుకనే పొద్దుగూకంగనే నీ ఒళ్లె వెట్టి గొళ్లెం వేసుకుంటదట. చేతులు లేవకుంట వాటి మీద కూసుంటదట. కత్తి పారేసినకొద్ది నువ్వు పెద్దది తెస్తివి. నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక కాళ్లు మొక్కిందట."

గదిలో ఫ్యాను తిరుగుతోంది, బాబు ఏడుస్తున్నాడు, ఇవి రాములవ్వకు వినపడుతూనే ఉన్నాయి, కానీ ఆమె వాకిట్లో పడి ఉన్న చిన్న కత్తిని చూస్తోంది, తర్వాత అడకత్తెరను, తర్వాత కొడవలిని, వాటిని మళ్లీ మళ్లీ తుడిచి పెట్టిన తన చేతిని. గోడతో మాట్లాడుతోందనుకుంది, అది దేవుణ్ణి బతిమాలుకుంటోంది. పిల్లవాణ్ణి తోసేస్తోందనుకుంది, అది దాచుకోవడానికి ఇంకో జాగ లేక తన ఒళ్లో దాచుకుంది. ఇంట్లో ఒక్కరంటే ఒక్కరిని నమ్మింది, ఆ ఒక్కరూ ప్రతి సాయంత్రం వెళ్లి దాని దిండు కింద పదును చూసి పెట్టారు. డాక్టరమ్మ నెమ్మదిగా చెబుతోంది, ఇది బాలింతలకు వచ్చే జబ్బని, ఎవరూ చేసింది కాదని, మందులు వేస్తే తగ్గుతుందని, ఆ ఆలోచనకు ఆమే అందరికంటే ఎక్కువ భయపడుతోందని, గదిలోంచి ఇనుము తీసెయ్యాలని, కొన్నాళ్లు రాత్రీ పగలూ పక్కన మనిషి ఉండాలని. రాములవ్వ తలూపింది. ఇనుము తీసెయ్యాలి అన్న చోట మాత్రం ఆ తల వెంటనే ఊగలేదు. ముప్పై ఏళ్ల కిందటి తొమ్మిదో రోజు అడ్డొచ్చింది. బాబును ఇంకో భుజానికి మార్చుకుంది.

"నేను ఒక బిడ్డను పోగొట్టుకున్న మేడం. కత్తి తీసినందుకే పోయిందనుకుంటి. గందుకనే మొండికేసిన. నాకు గిప్పుడు గూడ భయమే. తీస్త, కానీ భయమే." చంద్రాబాయి వైపు తిరిగింది. "చెప్పు బాయీ. ఇదంత చెప్పు దానికి. నన్ను బచాయించకు."

చంద్రాబాయి చెప్పింది. చెబుతున్నంతసేపూ సుమన్ తల ఎత్తి అత్త ముఖమే చూస్తూ ఉంది, ఏడు నెలల్లో అంతసేపు ఎన్నడూ చూడలేదు. తర్వాత ఏదో అడిగింది, చాలా మెల్లగా.

"బిడ్డ పేరేందట?" అంది చంద్రాబాయి.

"పెట్టలేదు" అంది రాములవ్వ. ఆ మాట ఇంతవరకూ ఆమెను అడిగినవాళ్లు లేరు.

బాబు ఏడుపు ఎక్కువైంది. వాడు తల్లి వాసన పట్టి అటువైపే ముఖం తిప్పుతున్నాడు. సుమన్ రవికె ముందు భాగం తడిసిపోయింది, అది చూసుకుని సిగ్గుతో ముడుచుకుపోయింది, చేతులు మాత్రం తొడల కింది నుంచి తియ్యలేదు. ఇవ్వాలా? డాక్టరమ్మ ఇవ్వమనలేదు, వద్దనలేదు, చూస్తూ ఊరుకుంది. జబ్బన్నారు, తగ్గుతుందన్నారు, కానీ ఇంకా ఒక్క మాత్ర కూడా దాని గొంతు దిగలేదు. ఏమో, ఎవరికి తెలుసు? భుజం మీది బరువును రాములవ్వ ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. అలా పట్టుకున్నప్పుడు సుమన్ కళ్లు కూడా ఆ చేతుల మీదే ఉన్నాయి, గట్టిగా పట్టుకో అన్నట్టుగా, వదలకు అన్నట్టుగా. వాళ్లిద్దరికీ ఉన్నది ఒకే భయం.

"బాయీ, దాన్ని అడుగు" అంది రాములవ్వ. "నేను పక్కన కూసుండి, పొలగాని కింద నా చెయ్యి వెట్టే ఉంచుత. పాలిస్తదా అడుగు."

చంద్రాబాయి అడిగింది. సుమన్ ఒక చెయ్యి తొడ కింది నుంచి బయటికి తీసి, దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూసుకుంది. అచ్చులు పడి, రక్తం ఆడక తెల్లబడి ఉంది. ఆ చెయ్యి బెంచీ మీద ఆన్చి, గోడవైపుకు జరిగి, పక్కన ఒక మనిషికి సరిపోయేంత చోటు చేసింది.